మన తర్వాత మగ్గం సామాను ఎవరికి, ఎట్టా?

కావలి_కుట్టు
వయసు 67. ఇంట్లో ఉన్నవి: మగ్గం (జాకెట్ల మీద పూసల, జరీ పనికి బట్ట బిగించే కర్ర చట్రం) ఒకటి, కాలి మిషన్ ఒకటి, సిల్క్ దారం రీళ్లు 140 దాకా, జరీ డబ్బాలు 11, జర్దోసి (స్ప్రింగులా చుట్టిన సన్న తీగ), కట్ దానా (సన్న గొట్టం పూసలు), చమ్కీలు, పూసలు కలిపి 6 కిలోలు, ఖాకాలు (డిజైను బట్ట మీదికి దించడానికి బెజ్జాలు పొడిచిన కాగితాలు) 200 పైన, అద్దకం రంగుల పాత డబ్బాలు 4, సగం చేసిన జాకెట్లు 3. పిల్లలిద్దరికీ ఈ పని రాదు. వీలునామాలో ఇవన్నీ రాయాలా? ఎవరికి ఇస్తే పనికొస్తాయి? పాత సామాన్లవాడికి తూకానికి పోకుండా ఇప్పుడే ఏం చేసిపెట్టాలి?

ఒంగోలు_ఆరి
అక్కా, ఎవరికి అన్నది తర్వాత చూద్దాం. ముందు చీటీలు. పని రానివాళ్ల కంటికి 6 కిలోల పూసలు ఒక మూట, అంతే. అదే పూసలు సైజు వారీగా, రంగు వారీగా మూత బిగిసే డబ్బాల్లో ఉండి, పైన "కట్ దానా, 2 మి.మీ., బంగారు రంగు, 250 గ్రా." అని రాసుంటే నేర్చుకునే పిల్ల ఎవరైనా కళ్లకద్దుకుని పట్టుకుపోతుంది.

దారం రీలు అడుగున ఉన్న షేడ్ నంబరు కాగితం ఊడిపోకుండా చూడండి. నంబరు తెలియకపోతే అదే రంగు మళ్లీ కొనడానికి లేదు. నంబరు ఒకటే అయినా లాట్ (అద్దిన విడత) మారితే రంగు కొంచెం తేడా వస్తుంది, అందుకని ఒకే లాట్ రీళ్లు విడదీయకుండా ఒకే కవర్లో పెట్టండి. కొద్దిగా మిగిలిన రీళ్లు వేరే డబ్బాలో వేయండి. అవి నేర్చుకునేవాళ్ల ప్రాక్టీసుకు చాలు.

రబ్బరు బ్యాండ్లు అన్నీ ఇవాళే తీసేయండి. రబ్బరులో గంధకం ఉంటది, జరీని నల్లగా చేసేస్తుంది. ఎండలకు కరిగి దారానికి అతుక్కుంటే మళ్లీ ఊడదు. నూలుదారంతో కట్టండి. జర్దోసి స్ప్రింగుకు మన సముద్రగాలే శత్రువు, కాబట్టి గాలి చొరని డబ్బాలో రెండు సిలికా పొట్లాలు వేసి పెట్టండి. కలరా ఉండలు మాత్రం వేయొద్దు. వాటి ఆవిరికి కొన్ని రకాల ప్లాస్టిక్ పూసలు, చమ్కీలు మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటాయి.

ఖాకాలు. నన్నడిగితే మీ ఇంట్లో అన్నిటికన్నా విలువైనవి ఇవే. ఎవరూ డబ్బిచ్చి కొనరు, ముందుగా చెత్తలోకి పోయేవీ ఇవే. డిజైను దించేటప్పుడు వాడిన కిరసనాయిలు, పౌడరు పేరుకుని బెజ్జాలు మూసుకుపోయినవి ఉంటే గుడ్డకు కాస్త కిరసనాయిలు అద్ది వెనకవైపు తుడిచి ఆరబెట్టండి. మడత పెడితే మడత దగ్గరే చిరుగుతుంది, అట్టగొట్టానికి చుట్టండి. మూలన పెన్సిలుతో మెడ ముందు, మెడ వెనక, చెయ్యి, జాకెట్ సైజు రాయండి. కుడి ఎడమ జతలు ఒకే చుట్టలో ఉండాలి. ఒకటి పోతే రెండోది దండగ.

పేపర్_పని
వీలునామా సంగతి. తెల్లకాగితం చాలు, స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మీరు సంతకం పెట్టాలి, ఇద్దరు సాక్షులు పెట్టాలి. సామాను పుచ్చుకునేవాళ్లను సాక్షులుగా పెట్టకుండా ఉంటే రేపు ఎవరూ వేలెత్తి చూపరు.

చాలామంది పొరబాటు పడేది జాబితా దగ్గర. వీలునామాలో "జాబితా ప్రకారం" అని రాసి, ఆ జాబితాను ఏడాదికోసారి మారుస్తారు. తర్వాత మార్చిన కాగితం కూడా ఇద్దరు సాక్షులతో సంతకమైతేనే చెల్లుతుంది, లేకుంటే అది ఉత్త కోరిక కింద లెక్క. దారం రీళ్లకోసం ఏటా సాక్షుల్ని పిలుస్తామా? అందుకని వీలునామాలో ఒక్క వాక్యం రాయండి: "నా కుట్టు, మగ్గం సామాను అంతా ఫలానా ఆమెకు." ఆ ఒక్కరూ నమ్మకస్తురాలై ఉండాలి. ఎవరికేం పంచాలో ఆమెకు విడిగా చీటీ రాసివ్వండి, దాన్ని ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు.

నెల్లూరు_లేసు
అసలు వీలునామా దాకా ఎందుకు? చరాస్తి చేతికిస్తే దానం అయిపోయినట్టే, కాగితం కూడా అవసరం లేదు. వచ్చే ఏడాది మీరు ముట్టుకోనిది ఏదో మీకే తెలుసు. అది ఇప్పుడే ఇచ్చేయండి.

రంగులగది
ఆ నాలుగు అద్దకం డబ్బాల గురించి ఎవరూ మాట్లాడలేదే! ముందు వాటి సంగతి చూడండమ్మా. లోపల ఏముందో తెలుసా? తెల్లపొడి అయి ఉండి గంధకం వాసన కొడితే అది హైడ్రోస్ (అద్దకంలో వాడే రసాయనం) కావచ్చు. దానికి చెమ్మ తగిలితే తనంతట తానే వేడెక్కి అంటుకుంటుంది. అప్పుడు చెంబుడు నీళ్లు చల్లితే ఇంకా ముదురుతుంది, ఇసుకతో కప్పినా ఆరదు, దూరం జరిగి ఫైరింజనును పిలవాలి. బిళ్లలుగానో రేకులుగానో ఉండి గాలికి తడి పట్టేది కాస్టిక్ సోడా. అల్యూమినియం గిన్నెలో వేశారా, గిన్నెను తినేస్తుంది, అంటుకునే గ్యాసు పుడుతుంది. రెంటినీ ఒకే అరలో పెట్టొద్దు. వాసన చూడటానికి ముక్కు డబ్బాలో పెట్టొద్దు.

వీటిని వారసత్వంగా ఎవరికీ రాయకండి. కాలవలో పోయకండి. ఇప్పటికీ అద్దకం చేసే వాళ్లకు మూత తీయకుండా ఇచ్చేయండి, పొడి తెలిసినవాళ్లు చూసుకుంటారు. అప్పటిదాకా డబ్బా మీద ఎర్ర సిరాతో "తడి తగలనివ్వొద్దు, పిల్లలు ముట్టొద్దు" అని తెలుగులో రాయండి. ఇల్లు సర్దేది మీ పిల్లలు, వాళ్లకు ఈ పేర్లు తెలియవు.

కావలి_కుట్టు
ఆ డబ్బాలు ఇప్పుడే వరండాలోకి, పొడిగా ఉన్న చోటికి మార్చాను. జరీ డబ్బాల్లో కొన్ని అసలు జరీ, కొన్ని కావు. కలిసిపోయి ఉండాయి. పిల్లలకు ఎట్టా తెలుస్తుంది?

ఒంగోలు_ఆరి
పిల్లలకు తెలియదు, మీరే విడదీయాలి. అసలు జరీలో వెండి తీగను పట్టుదారం మీద చుట్టి పైన బంగారుపూత వేస్తారు. నకిలీలో రాగి తీగ మీద వెండిపూత ఉంటుంది, లోపల నూలో, పాలిస్టరో. చివర ఒక అంగుళం విప్పి తీగను గోటితో గీకి చూడండి. ఎర్రగా కనపడితే రాగి. తీగ కూడా ప్లాస్టిక్ రేకులా సాగితే అది మెటాలిక్ దారం. అనుమానం ఉంటే చిన్న ముక్క వెండికొట్టులో గీటురాయి మీద పెట్టించండి. "పాత జరీ కొంటాం" అని వీధిలోకి వచ్చేవాళ్లకు తూకానికి ఇచ్చేది ఈ పరీక్ష అయ్యాకే. అసలువి ఒక డబ్బాలో వేసి, బరువు గ్రాముల్లో రాసి, బీరువాలో పెట్టండి. వెంకటగిరి నేతవాళ్లను అడిగినా చూడగానే చెప్తారు.

ఇక ఎవరికి అంటే: మీ మండలంలో పొదుపు సంఘాల్లో కుట్టు చేసేవాళ్లుంటారు. కస్తూర్బా బాలికా విద్యాలయం ఉంటే అడగండి. కుట్టు ట్రేడు ఉన్న ఐటీఐని కూడా. తీసుకెళ్లి వాకిట్లో దింపడం కాదు, "మాకు ఏం కావాలి" అని వాళ్ల చేత రాయించుకున్నాక పంపండి. వాళ్లు ఎక్కువగా అడిగేది మగ్గం, సూదులు, దారం. విడి పూసలు ఎవరూ అడగరు, నిజం చెప్పాలంటే.

మగ్గం ఇస్తే కర్రలు, కాళ్లు, మేకులు, బిగించే దారం ఒకే కట్టగా ఇవ్వండి. కర్రకు కొట్టిన పట్టీగుడ్డ చివికి ఉంటే మార్చి ఇవ్వండి, లేకుంటే వాళ్లు మొదటి రోజు బట్ట బిగించగానే చిరిగి మగ్గం మూలన పడుద్ది. కర్ర కింద సన్నపొడి రాలుతుంటే పురుగు పట్టినట్టు, అది ఇవ్వొద్దు. మిషన్ వాడకుండా ఉంటే నూనె బంకగా మారి చక్రం తిరగదు. రెండు మూడు చుక్కల కిరసనాయిలు పోసి తిప్పి, తుడిచి, తర్వాత మిషన్ నూనె పోయండి. బాబిన్ కేసు, బెల్టు, 14, 16, 18 నంబరు సూదులు సొరుగులోనే ఉంచండి. ఎక్కువగా పోయేది బాబిన్ కేసే.

పేపర్_పని
ఆ మూడు జాకెట్లు కూడా మర్చిపోవద్దు. బట్ట ఖాతాదారులదైతే అది మీ ఆస్తి కాదు, పంచే జాబితాలో ఉండకూడదు. ఒక్కో జాకెట్‌ను దాని ఖాకా, మిగిలిన దారం, సూది నంబరుతో ఒక సంచిలో వేసి, పేరు, ఫోన్ నంబరు, తీసుకున్న అడ్వాన్సు, రావాల్సిన బాకీ రాసి పిన్ను కొట్టండి. మామూలు ఇనప పిన్ను కాదు, తుప్పు మరక పడుద్ది, ఇత్తడిది.