ఉబుంటు 22.04లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1, 3 రెండూ ఉంచడం ఎలా?

సర్వర్_సుబ్బు: సర్వర్‌ని 20.04 నుంచి 22.04కి మార్చాం. వెండర్ ఇచ్చిన పాత బైనరీ ఒకటి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ) వాళ్ల లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1 అడుగుతోంది, సోర్సు లేదు. 22.04లో ఉన్నది 3. 3 ఫైలుకే 1.1 పేరుతో సిమ్‌లింక్ పెడితే "ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్_1_1_0 వెర్షన్ దొరకలేదు" అని ఆగిపోతోంది. 20.04 డెబ్ ప్యాకేజీ ఫైలు తెచ్చి వేస్తే మొదలవుతోంది గానీ, లాగ్‌లో లిబ్‌ప్రొవైడర్స్ ఫైలు తెరవలేకపోయానన్న ఎర్రర్. మిగతా సిస్టం చెడకుండా దారేమిటి?

డెబ్_దాసు: ముందు ఆ సిమ్‌లింక్ పీకేయండి. సోనేమ్ (లైబ్రరీ ఫైలు పేరు, వెర్షన్ అంకెతో సహా) మారిందంటే ఏబీఐ (కంపైలైన ప్రోగ్రాముకీ లైబ్రరీకీ మధ్య ఒప్పందం) మారినట్టే. పేరు మార్చి లోడర్‌ని ఏమార్చినా, లోపల సింబల్స్‌కి (ఫంక్షన్ల పేర్లకి) ఉన్న వెర్షన్ ముద్ర పట్టేస్తుంది.

రన్‌టైమ్ ప్యాకేజీలు రెండూ పక్కపక్కన ఉండొచ్చు. డెబియన్ పద్ధతిలో సోనేమ్ అంకె ప్యాకేజీ పేరులోనే ఉండేది అందుకే. తగువంతా డెవ్ ప్యాకేజీతో (కంపైల్ చేయడానికి కావలసింది): హెడర్ల డైరెక్టరీ ఒకటే, అంకె లేని లింకూ ఒకటే. కాబట్టి అది ఒక్క వెర్షన్‌దే ఉంటుంది.

మీ ఎర్రర్‌కి కారణం ఈటీసీ డైరెక్టరీలోని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కాన్ఫిగ్. అందులో ప్రొవైడర్స్ సెక్షన్ 3 కోసం రాసింది. 1.1కి అదేమిటో తెలియక, ఆ పేరుతో మాడ్యూల్ ఫైలు కోసం వెతుకుతుంది. ఆ ఫైలు దిద్దొద్దు. ఆ సర్వీసు సిస్టమ్‌డీ యూనిట్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్_కాన్ఫ్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని డెవ్ నల్‌కి (ఖాళీ ఫైలుకి) తిప్పండి, చాలు.

లింకర్_లక్ష్మి: డెబ్ వేస్తే అది ఏ అప్‌డేటూ అందని అనాథగా పడి ఉంటుంది, ఉందన్న సంగతే మరిచిపోతారు. నేనైతే 1.1.1డబ్ల్యూ సోర్సు తెచ్చి ఆప్ట్ డైరెక్టరీలో విడిగా కడతాను. ప్రిఫిక్స్ (ఇన్‌స్టాల్ చోటు), ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌డిర్ (కాన్ఫిగ్, సర్టిఫికెట్ల చోటు) రెండూ ఆప్ట్‌లోకే ఇవ్వండి. మేక్ టెస్ట్ అయ్యాక "ఇన్‌స్టాల్_ఎస్‌డబ్ల్యూ" టార్గెట్ సరిపోతుంది. అది కాన్ఫిగ్ ఫైలు పెట్టదు గనక ప్రొవైడర్స్ గొడవ ఉండదు. కానీ సర్టిఫికెట్లూ ఉండవు, సర్టిఫికెట్ వెరిఫై చేసే టీఎల్‌ఎస్ (ఎన్‌క్రిప్టెడ్) కనెక్షన్లు ఫెయిలవుతాయి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌డిర్‌లో సర్ట్స్ పేరుతో సిస్టం సర్టిఫికెట్ల డైరెక్టరీకి లింకు ఇవ్వండి.

తర్వాత పాచ్‌ఎల్ఫ్ టూల్‌తో బైనరీకి ఆర్‌పాత్ (లైబ్రరీలు వెతికే దారి) పెట్టండి, ఆ ఆప్ట్ చోటుకి. ఫోర్స్-ఆర్‌పాత్ ఆప్షన్ మర్చిపోవద్దు. అది లేకపోతే పడేది రన్‌పాత్, అది బైనరీ నేరుగా అడిగిన లైబ్రరీలకే పనిచేస్తుంది. లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ తన వంతుగా అడిగే లిబ్‌క్రిప్టో దొరక్కపోవచ్చు.

ఏదైనా తాత్కాలికమే అనుకోండి. 1.1.1కి ఉచిత మద్దతు 2023 సెప్టెంబర్ 11తో ముగిసింది.

సర్వర్_సుబ్బు: థాంక్సండీ, నడుస్తోంది. కానీ ఎల్‌డీడీలో (బైనరీ లోడ్ చేసే లైబ్రరీలు చూపే కమాండ్) 1.1తో పాటు 3 కూడా కనిపిస్తోంది. ఆ బైనరీ వాడే లిబ్‌కర్ల్ (నెట్‌వర్క్ డౌన్‌లోడ్ లైబ్రరీ) లాక్కొస్తోంది.

లింకర్_లక్ష్మి: సింబల్ వెర్షన్లు వేరు కాబట్టి ఒకే ప్రాసెస్‌లో రెండూ ఇమడగలవు. కర్ల్ తన కాల్‌బ్యాక్‌లో ఇచ్చే ఎస్‌ఎస్‌ఎల్ కాంటెక్స్ట్‌ని ప్రోగ్రాం ముట్టుకుంటే మాత్రం సెగ్‌ఫాల్టే (మెమరీ తప్పుతో క్రాష్): 3 తయారుచేసిన స్ట్రక్చర్‌ని 1.1 తన లెక్కలో చదువుతుంది. అలా జరిగితే 1.1తో కట్టిన లిబ్‌కర్ల్ కూడా అదే ఆప్ట్‌లో పెట్టాలి. దాని సోనేమ్ సిస్టం కర్ల్‌దే, అందుకని ఆ డైరెక్టరీని ఎల్‌డీకాన్ఫిగ్‌లో (సిస్టం మొత్తం లైబ్రరీల జాబితా) చేర్చారంటే మిగతా ప్రోగ్రాములూ దాన్నే ఎత్తుకునే ప్రమాదముంది. ఆర్‌పాత్‌తోనే సరిపెట్టండి.