హెడ్డింగ్ పెట్టడం రావట్లేదు, ఎవరైనా చూసి చెప్పండి

కొత్తకలం:
వ్యాసం రాయడానికి నాకు రెండు మూడు రోజులు పడుతుంది, హెడ్డింగ్ మాత్రం చివర్లో రెండు నిమిషాల్లో ఏదో ఒకటి తగిలించేస్తాను. మొన్న ఫోన్ బ్యాటరీల మీద ఒకటి రాశాను. రాత్రంతా చార్జింగ్‌లో ఉంచితే ఏమవుతుంది, వేడికి బ్యాటరీ ఎందుకు దెబ్బతింటుంది, ఎంత శాతం దగ్గర ప్లగ్ తీసేస్తే మంచిది, ఇవన్నీ కుదురుగానే చెప్పాననుకుంటున్నా. పెట్టిన హెడ్డింగ్ ఇదీ: "స్మార్ట్‌ఫోన్ బ్యాటరీల గురించి మనందరం తప్పక తెలుసుకోవాల్సిన కొన్ని ముఖ్యమైన విషయాలు". ఎవరూ తెరవలేదు, మా ఇంట్లోవాళ్లతో సహా. "ఇది చదివితే షాకవుతారు అని పెట్టు, జనం ఎగబడతారు" అన్నాడు ఒక ఫ్రెండ్. అలా పెట్టాలంటే నాకే సిగ్గుగా ఉంది. ఇన్ని అక్షరాలు మించకూడదు అని లెక్క ఏమైనా ఉందా? అసలు మీరంతా ఎలా పెడతారు?

డెస్క్‌మనిషి:
మీ హెడ్డింగ్‌లో స్మార్ట్‌ఫోన్ బ్యాటరీలు తీసేసి కిడ్నీలు అని పెట్టి చూడండి. చక్కగా అతుకుతుంది. ఆదాయపు పన్ను అన్నా అతుకుతుంది. అంటే అందులో మీ వ్యాసం గురించి ఒక్క ముక్క కూడా లేదన్నమాట. మనందరం, తప్పక, కొన్ని, ముఖ్యమైన... ఈ నాలుగూ చోటు తినడం తప్ప చేసే పనేమీ లేదు.

నేను చాలా ఏళ్లు పేపర్ డెస్క్‌లో పనిచేశాను. హెడ్డింగ్ తట్టకపోతే రాసిన వార్త పక్కన పెట్టేసి, పక్క సీటువాడికి ఒక్క ముక్కలో చెప్పేవాణ్ణి. మీదైతే ఇలా చెబుతాను: "ఒరేయ్, రాత్రంతా ప్లగ్‌లో ఉంచినా ఫోనే చార్జింగ్ ఆపేసుకుంటుందట, అసలు దెబ్బ వేడి వల్లట, దిండు కింద పెట్టుకోకు." హెడ్డింగ్ అందులోనే ఉంది. "రాత్రంతా చార్జింగ్ కాదు, బ్యాటరీకి దెబ్బ వేడితోనే" అనొచ్చు. ఇంకా చెక్కాలి అనుకోండి, కానీ కనీసం కిడ్నీలకి అతకదు.

తెలుగులో ఇంకో చిక్కుంది. మన క్రియ వాక్యం చివర కూర్చుంటుంది. ఫోన్ నోటిఫికేషన్‌లోనో సెర్చ్‌లోనో పొడుగు హెడ్డింగ్ తోక తెగితే, తెగేది సరిగ్గా ఆ క్రియే. "రాత్రంతా చార్జింగ్‌లో ఉంచిన ఫోన్ బ్యాటరీ జీవితకాలం..." అని ఆగిపోయిందనుకోండి, తగ్గుతుందనా, తగ్గదనా? ఇంగ్లీషువాడికి ఈ బాధ తక్కువ, ఎవరు ఏం చేశారో ముందే వచ్చేస్తుంది. పేపర్లవాళ్లు దీనికి ఎప్పుడో దారి కనిపెట్టారు, "ధరలు పెరిగాయి" అనకుండా "పెరిగిన ధరలు" అంటారు, లేదా క్రియని మొత్తానికే మింగేసి "ధరలకు కళ్లెం" అంటారు. రెండోదాన్ని మాత్రం ఆచితూచి వాడండి. కళ్లేలు, రెక్కలు, బ్రేకులు వేసీ వేసీ అరగదీశాం, అందులో నా పాపం కూడా ఉంది.

పిక్సెల్‌పిచ్చి:
అక్షరాల లెక్క సంగతి నేను చెబుతా. గూగుల్ ఇన్నే ఉండాలని నియమమేమీ పెట్టలేదు, స్క్రీన్‌లో పట్టినంత చూపించి మిగతాది కత్తిరిస్తుంది. అందరూ చెప్పే 50, 60 అనేది ఇంగ్లీషు అక్షరాలకి వేసుకున్న ఉజ్జాయింపు. దాన్ని పట్టుకుని తెలుగు హెడ్డింగ్‌ని కొలిచే టూల్స్‌లో పెడితే పిచ్చెక్కుతుంది, ఎందుకంటే "స్మా" మన కంటికి ఒకటే అక్షరం, కంప్యూటర్‌కి మాత్రం స, పొల్లు, మ, దీర్ఘం అని నాలుగు. టూల్ ఎర్రగా మెరిసినా కంగారుపడొద్దు, ఫోన్‌లో తెరిచి కంటితో చూసుకోండి.

ఇంకోటి, పేజీ మీద కనిపించే హెడ్డింగూ సెర్చ్ కోసం ఇచ్చే టైటిలూ ఒకటే కానక్కర్లేదు. రెండోదాంట్లో జనం టైప్ చేసే మాటలు పెట్టుకోవచ్చు. అలాగని రెండింటికీ పొంతన లేకుండా చేయకండి, గూగుల్ ఒక్కోసారి మీరిచ్చిన టైటిల్ వదిలేసి పేజీలోని హెడ్డింగ్‌నే చూపిస్తుంది.

నిద్రరానిపాఠకురాలు:
మీ ఫ్రెండ్‌ని మరీ తీసిపారేయకండి, ఆయన చెప్పింది గాలి మాటేం కాదు. అప్‌వర్తీ అనే సైట్ ఒకే కథనానికి రకరకాల హెడ్డింగులు పెట్టి ఏది ఎక్కువ మంది నొక్కుతున్నారో చూసేది. అలాంటి లక్షకు పైగా హెడ్డింగుల్ని పరిశోధకులు లెక్కతీసి 2023లో ప్రచురించారు. చెడును సూచించే మాట ఒకటి ఎక్కువైతే క్లిక్కులు సగటున 2.3 శాతం పెరిగాయట. చూశారా, 2.3! దానికోసం "షాకవుతారు" అని రాసి పరువు పోగొట్టుకోవాలా? పైగా క్లిక్ చేసినవాళ్లు అక్కడ నిలబడాలి కదా. 2014లోనే ఫేస్‌బుక్ చెప్పేసింది, లింక్ నొక్కి ఎంతసేపు చదివారు, వెంటనే వెనక్కి వచ్చేశారా అని చూసి ఊరించే పోస్టుల్ని తగ్గిస్తామని. నా మటుకు నేను "మూడోది చూస్తే నమ్మలేరు" అన్నది నొక్కి మూడోదాకా వెళ్లి, నమ్మేశాను. ఆ సైట్‌కి మళ్లీ వెళ్లలేదు.

కొత్తకలం:
అందరికీ థ్యాంక్సండీ. కిడ్నీల మాటకి చాలాసేపు నవ్వుకున్నా, తర్వాత నా పాత వ్యాసాలన్నీ తీసి అదే పరీక్ష పెట్టా, పదింట్లో ఎనిమిది ఫెయిల్. ఇప్పుడిలా మార్చా: "రాత్రంతా చార్జింగ్ పెడితే బ్యాటరీ పాడవుతుందా?" ఎలా ఉంది?

డెస్క్‌మనిషి:
బావుంది, నా దానికన్నా బావుంది. ఒక్క అనుమానం. ఇయన్ బెటరిడ్జ్ అని ఒక టెక్నాలజీ జర్నలిస్టు 2009లో ఒక మాటన్నాడు, ప్రశ్న గుర్తుతో ముగిసే ఏ హెడ్డింగ్‌కైనా "కాదు" అనే జవాబు చెప్పేయొచ్చని. ఆధారం దొరక్క, రాయకుండా ఉండలేక ప్రశ్న గుర్తు వెనక దాక్కునేవాళ్ల గురించి ఆ మాట. మీది ఆ బాపతు కాదు, జనం నిజంగా అడిగే ప్రశ్నే. కాకపోతే ప్రశ్న వేసినవాళ్లు జవాబు వెంటనే ఇచ్చేయాలి. మీ వ్యాసంలో జవాబు ఎన్నో పేరాలో ఉంది?

కొత్తకలం:
ఆరో పేరాలో. 1991లో సోనీ మొదటిసారి లిథియం అయాన్ బ్యాటరీ అమ్మకానికి పెట్టిన దగ్గర్నుంచి మొదలెట్టాను.

నిద్రరానిపాఠకురాలు:
😂 ఆరోదాకా నేను రాను.

కొత్తకలం:
సోనీని కిందకి దించేస్తున్నా. మొదటి వాక్యం "అంతగా పాడవదు, ఫోన్ వేడెక్కకుండా ఉంటే" అని పెట్టా. ఇంకా రెండు పేరాలు ఊరికే ఉన్నట్టున్నాయి, అవి కూడా తీసేసి వస్తా.