తుంటి ఆపరేషన్ అయ్యాక కుడికాలు పొడుగైనట్టుంది, చెప్పు ఎత్తు చేయించాలా?

కుట్టుమిషన్_జగిత్యాల:

అందరికీ నమస్తే. నాకు 51 ఏళ్లు, జగిత్యాల దగ్గర ఇంట్లోనే బట్టలు కుడతాను. కుడి తుంటికి ఏవీఎన్ వచ్చింది. రక్తం అందక బాల్ కుంగిపోయిందన్నారు. నాలుగేళ్లు కుంటుతూనే నెట్టుకొచ్చాను. ఏడు వారాల కింద కీలు మార్పిడి ఆపరేషన్ అయింది. పాత నొప్పి పోయింది, అబద్ధమెందుకు, రాత్రిపూట నిద్ర పడుతోంది.

కానీ వాకర్ వదిలి చేతికర్రకు వచ్చినప్పటి నుంచి కొత్త బాధ మొదలైంది. కుడికాలు పొడుగైపోయినట్టు ఉంది. నిలబడితే కుడి మోకాలు దానంతటదే కొంచెం వంగుతుంది, ఎడమ మడమ నేలకు ఆనీ ఆననట్టు ఉంటుంది. లంగా కట్టుకుంటే ఎడమవైపు అంచు సరిగ్గానే ఉంటుంది, కుడివైపు నేలను ఊడుస్తోంది. ముప్పై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల అంచులు సరిచేస్తున్నదాన్ని, నా అంచు నాకు తెలియదా? కుడివైపు మడిచి కచ్చా కుట్లు వేసుకున్నాను.

మనసు ఊరుకోక టేపు తీసి బొడ్డు నుంచి లోపలి చీలమండ దాకా కొలుచుకున్నాను. కుడి 35½ ఇంచులు, ఎడమ 34¾. ముప్పావు ఇంచు తేడా! జాకెట్టులో అంత తేడా వస్తే గిరాకీ నా మొహాన విసిరికొడుతుంది.

సర్జన్‌ని అడిగితే "ఎక్స్‌రే బాగుంది, సర్దుకుంటుంది, ఆరు వారాల తర్వాత రండి" అని రెండు ముక్కల్లో తేల్చేశారు. బయట ఇంకా ఇరవై మంది కూర్చుని ఉన్నారు, నేనూ లేచి వచ్చేశాను. మా తమ్ముడేమో ఎడమ చెప్పుకు ముప్పావు ఇంచు సోల్ వేయిస్తానంటున్నాడు. వేయించుకోవచ్చా? తొక్కుడు మిషన్ మీద మళ్లీ ఎప్పుడు కూర్చోవచ్చు? పెళ్లిళ్ల సీజన్ దగ్గరికొచ్చింది, టెన్షన్‌గా ఉంది.

నిజం_చెప్తా:

కాలు పొడుగు చేశారంటే డాక్టర్ తప్పే అమ్మా. కన్జ్యూమర్ కోర్టులో కేసు వేయండి.

లైన్‌మన్_రిటైర్డ్ (ఒంగోలు):

చెల్లెమ్మా, కేసు సంగతి తర్వాత, ముందు ఆ చెప్పు ఆపించండి.

నాకు ఎడమ తుంటి మార్చి ఐదేళ్లయింది. నాదీ ఇదే గోల. రెండో నెలలోనే ఆగలేక, బస్టాండు పక్కన చెప్పులు కుట్టే ఆయన దగ్గర కుడి చెప్పుకు అర ఇంచు రబ్బరు అతికించుకున్నా. పది రోజులు బ్రహ్మాండంగా ఉంది. తర్వాత నడుము పట్టేసింది. ఫిజియో దగ్గరికి వెళ్తే ఆ చెప్పు చేతిలోకి తీసుకుని చూసి, "మీ వంకరను మీరే ఖాయం చేసుకుంటున్నారు" అని తీసేయించింది. ఆరో నెలలో ఎక్స్‌రే మీద కొలిస్తే అసలు తేడా 8 మిల్లీమీటర్లే. ఇప్పుడు కుడి బూటు లోపల మడమ కింద 5 మిల్లీమీటర్ల ముక్క, అంతే.

ఇంకోటి, ఇది నాకెవరూ చెప్పలేదు. మనం ఇంట్లో వట్టికాళ్లతో తిరిగేవాళ్లం. బయట గంటసేపు ఎత్తు చెప్పు, ఇంట్లో రోజంతా వట్టికాళ్లు అయితే ఏం లాభం? ఒకవేళ మీకు చివరికి ఎత్తు కావాలని తేలితే ఇంట్లోకీ ఒక జత పెట్టుకోండి. వంటింట్లోకి చెప్పులేంటని మా ఆవిడ వారం రోజులు మాట్లాడలేదు. పూజగది గడప దగ్గర మాత్రం విడుస్తాను.

ఫిజియో_విశాఖ:

మేడమ్, ముందు ఒక మాట. ఏడో వారంలో మీరే వంగి చీలమండ దాకా టేపు పట్టారా? దయచేసి ఇంకెప్పుడూ ఆ పని చేయకండి. మొదటి మూడు నెలలు కొత్త కీలు జారే ప్రమాదం ఎక్కువ. తుంటి 90 డిగ్రీలకు మించి వంగకూడదు. కాలు మీద కాలు వేయడం, గొంతుక్కూర్చోవడం, నేల మీద కూర్చోవడం ఏవీ వద్దు.

ఇక కొలత. బొడ్డు నుంచి కొలిస్తే కాలు ఎంత పొడుగ్గా కనిపిస్తోందో తెలుస్తుంది, కాలు నిజంగా ఎంతుందో తెలియదు. కటి, అంటే నడుము కింద రెండు తుంట్లనూ కలిపే ఎముకల గూడు, ఒకవైపు వాలితే చాలు, అందులో తేడా వచ్చేస్తుంది. అసలు కొలతకు మీరు వెల్లకిలా పడుకోవాలి, రెండు కాళ్లూ ఒకేలా చాచి ఉండాలి, ఇంకొకరు కొలవాలి. పొట్టకు కింద, పక్కగా వేలికి గట్టిగా తగిలే కటి ఎముక మొన నుంచి లోపలి చీలమండ దాకా. ఈ తేడా, మీ బొడ్డు కొలత తేడా ఒకటే అయితే కాలే పొడుగు. ఇది తక్కువొస్తే మిగతాది కటి వాలు. టేపు కొద్దిగా అటూ ఇటూ అవుతుంది. కచ్చితంగా కావాలంటే ఎక్స్‌రేలో కటి అడుగున అడ్డగీత గీసి, తొడ ఎముక లోపలివైపు ఉండే చిన్న బుడిపె దాకా రెండువైపులా కొలుస్తారు.

నాలుగేళ్లు మీ కాలు పొట్టిగానే ఉంది, ఒళ్లు దానికే అలవాటు పడింది. ఇప్పుడు పాత పొడవు తిరిగొస్తే అదే ఎక్కువ అనిపిస్తుంది. పైగా తుంటి బయటివైపు కండరాలు బిగుసుకుని ఉంటే కటిని ఆ వైపు కిందికి లాగుతాయి. ఇది మామూలుగా మూడు నుంచి ఆరు నెలల్లో వదులుతుంది. అందుకే ఆలోపు చెప్పు ఎత్తు చేయించొద్దంటాం.

నిజంగానే కొంచెం పొడుగయ్యే సందర్భాలూ ఉన్నాయి. కీలు వదులుగా ఉంటే జారిపోతుంది కాబట్టి, బిగువు కోసం పొడుగు మెడ వచ్చే బాల్ వేయాల్సి వస్తుంది. సెంటీమీటరు లోపు తేడా చాలామందికి తెలియను కూడా తెలియదు. అయితే ఈ సంగతి ఆపరేషన్‌కు ముందే మీకు చెప్పి ఉండాల్సింది, అది మాత్రం ఒప్పుకుంటాను.

ఉన్నట్టుండి భరించలేని నొప్పితో కాలు పొట్టిదై పాదం పక్కకు తిరిగినా, పాదం పైకి లేవక వేలాడినా, కుట్ల దగ్గర చీము గానీ జ్వరం గానీ వచ్చినా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

మిషన్ సంగతి సర్జన్ సరేనన్నాకే. అప్పుడూ స్టూలు ఎత్తు పెంచండి, మోకాలి కన్నా తుంటి పైన ఉండాలి. మోటార్ బిగించుకుని ఎడమకాలితో నొక్కగలిగితే ఇంకా మంచిది.

కుట్టుమిషన్_జగిత్యాల:

ఆరు వారాలయింది, ఎలా ఉన్నానో చెబుదామని వచ్చాను. తిట్టినందుకు కోపం లేదు ఫిజియో గారూ.

మా కోడలితో కొలిపించాను. ఆ ఎముక మొన దొరక్క పిల్ల నా పొట్ట చుట్టూ ఐదు నిమిషాలు వెతికింది. కుడి 32½, ఎడమ 32¼. పావు ఇంచే! మిగతా అర ఇంచు ఎక్కడిదో అప్పుడు బుర్రకెక్కింది. ప్యాంటు రెండు కాళ్లూ సమానంగా కత్తిరించినా, నడుము పట్టీ ఒకవైపు జారితే ఆ కాలు నేలకు తగులుతుంది. గిరాకీ వచ్చి ఒక కాలు పొడుగు కుట్టావంటే, ముందు పట్టీ సరిగ్గా పెట్టుకో అని నేనే అంటాను.

ఇక్కడి ఫిజియో అద్దం ముందు నిలబెడుతోంది. రెండు చేతులూ కటి ఎముకల మీద పెట్టి, రెండూ ఒకే ఎత్తులో ఉండేలా, బరువు సగం సగం వేసి నిలబడాలి. వినడానికి ఏముంది అనిపిస్తుంది. మొదటి వారం రెండు నిమిషాలకే చెమటలు పట్టాయి. సమానంగా నిలబడితే నాకేమో ఎడమవైపు ఒరిగిపోతున్నట్టు ఉండేది.

మొన్న సర్జన్ చూసి మిషన్‌కు సరేనన్నారు. మోటార్ బిగించాం. ఎడమకాలికి అలవాటు లేక మొదటి రోజు రెండు జాకెట్ల చంకల దగ్గర కుట్టు పక్కకు పోయింది. తమ్ముడు అప్పటికే కొనుక్కొచ్చిన సోల్ రబ్బరును ముక్కలు చేసి మిషన్ కాళ్ల కింద పెట్టాను, చప్పుడు తగ్గింది.

నిన్న ఆ లంగా కట్టుకుంటే కుడివైపు అంచు చీలమండ మీదికి లేచింది. మడతలో సగం విప్పేశాను. మిగతా సగం వచ్చే నెల చూడాలి.