అరకు పర్యాటకం వల్ల గిరిజనులకు ఒరిగేదేమిటి?

ప్రశ్న (విశాఖవాసి):
2017లో అరకు వెళ్ళే రైలుకు అద్దాల బోగీ తగిలించినప్పటి నుంచి మా ఇంటికి వచ్చే చుట్టాలందరూ అరకు చూడాలనే అంటున్నారు. మొన్న వారితో వెళ్ళి, బొర్రా గుహలు చూసి, బొంగులో చికెన్ తిని, రిసార్టులో గిరిజనుల ధింసా నృత్యం చూసి వచ్చాను. మేము ఖర్చు చేసిన సొమ్ములో ఆ కొండల్లో పుట్టి పెరిగినవారి చేతికి ఎంత చేరినట్టు? డబ్బు సంగతి అటుంచితే, వైద్యం, రహదారి వంటివైనా మెరుగుపడ్డాయా?

జవాబు (అనంతగిరి మండలవాసి):
మాది షెడ్యూల్డు ప్రాంతం, అంటే గిరిజనుల రక్షణ కోసం రాజ్యాంగం ప్రత్యేకంగా గుర్తించిన ప్రాంతం. మేము 1/70 అని పిలుచుకునే 1970 నాటి చట్టం ప్రకారం ఇక్కడి భూమి గిరిజనేతరులకు బదిలీ కాకూడదు. సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా బొర్రా పరిసర గ్రామాల గనుల లీజుల వివాదం నుంచి పుట్టినదే. ఇలాంటి ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు లీజుకు ఇవ్వరాదని అది తేల్చింది. అందువల్ల కాగితం మీద లాడ్జీ గిరిజనుడిదే అయి ఉండాలి. ఆచరణలో పేరు మావాడిది, పెట్టుబడీ లాభమూ మైదానంవారివి అయిన చోట్లు ఉన్నాయి. అక్కడ మావాళ్ళకు దక్కేది గదులు ఊడ్చే పని. ఇక రహదారి అంటారా, గుహల దాకా తారు రోడ్డు ఉంది, పై గూడేల నుంచి గర్భిణులను ఇప్పటికీ డోలీలోనే మోసుకొస్తున్నాం.

జవాబు (విశ్రాంత ఉపాధ్యాయురాలు):
పై మాట నిజమే గాని, దారి పక్కన చీకులు కాల్చి అమ్మే మహిళలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. సంతలో షావుకారు చెప్పిన ధరకు పసుపు, పిప్పళ్ళు అప్పగించి రావడానికీ, తానే ధర చెప్పి సాయంత్రానికి డబ్బు కొంగున కట్టుకోవడానికీ చాలా తేడా ఉంది. ధింసా విషయంలో నాకు అంత సంతోషం లేదు. పెళ్ళిళ్ళలో, చైత్ర పండుగలో ఊరంతా చేయి చేయి పట్టి ఆడే ఆటను, అతిథుల భోజన వేళకు కుదించి, మధ్యవర్తి ఇచ్చినంత పుచ్చుకుని ఆడవలసి వస్తోంది. గోదావరి వైపు అడవుల్లోని మారేడుమిల్లిలో వన సంరక్షణ సమితులే (అడవిని కాపాడే స్థానిక గ్రామస్తుల సంఘాలు) అడవి విడిదులు నడిపిన పద్ధతి నాకు నచ్చుతుంది, ఎందుకంటే పనితోపాటు నిర్వహణ కూడా అక్కడి వారి చేతిలోనే ఉంటుంది.

ప్రశ్నించినవారు:
మరి బస ఎవరిదో మాబోటివారికి తెలిసేదెలా?

అనంతగిరి మండలవాసి:
ముందు ఊళ్ళో టీ కొట్టు దగ్గర అడగండి. బోర్డు మీది పేరు కన్నా అక్కడ చెప్పే పేరే నమ్మదగినది.