వీటోని 'రద్దు' చేస్తారా, 'తోసిరాజంటారా'?

డెస్కు తమ్ముడు: అందరికీ నమస్కారం, అర్జెంటుగా ఒక మాట కావాలి. పాత వార్తల కాలమ్‌కి 2007 మే 2 నాటి ఐటం రాస్తున్నా. ఇరాక్ యుద్ధానికి డబ్బులిచ్చే బిల్లుని అమెరికా అధ్యక్షుడు బుష్ ముందురోజే వీటో చేశాడు, అంటే సంతకం పెట్టకుండా తిప్పి పంపాడు. మర్నాడు ప్రతినిధుల సభలో దాన్ని ఓవర్‌రైడ్ చేద్దామని, అంటే ఆయన వద్దన్నా బిల్లుని చట్టం చేసేద్దామని ఓటింగ్ పెట్టారు. అక్కడి పార్లమెంటు పేరు కాంగ్రెస్ కదా, నేను 'వీటో రద్దుకు కాంగ్రెస్ యత్నం' అని హెడ్డింగ్ పెడితే మా ఇన్‌ఛార్జి గారు రెండు చోట్ల గీత కొట్టారు. 'కాంగ్రెస్ అంటే మనవాళ్ళు గాంధీభవన్ అనుకుంటారయ్యా' అన్నారు, అది సరే ఒప్పుకున్నా. రెండోది, 'రద్దు' తప్పట. ఎందుకో చెప్పకుండా టీకి వెళ్ళిపోయారు. మరి ఏం రాయాలి? సింగిల్ కాలమ్ అండీ, పెద్ద మాటలు పట్టవు.

రిటైర్డ్ మాస్టారు: మీ ఇన్‌ఛార్జి కరెక్టే బాబూ. రద్దంటే ఉన్నదాన్ని లేకుండా చేయడం కదా, రైలు రద్దయింది, జీవో రద్దయింది అంటాం. ఇక్కడ అధ్యక్షుడి అభ్యంతరం ఎక్కడికీ పోదు, దాన్ని సభ జర్నల్లో పూర్తిగా రాసుకోమని వాళ్ళ రాజ్యాంగంలోనే ఉంది, రాసుకుని, మళ్ళీ ఆలోచించి, రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల మంది అవునంటే ఆయన సంతకంతో పనిలేకుండానే బిల్లు చట్టమైపోతుంది. అంటే ఆయన కాదన్న మాట అలాగే ఉంటుంది, పని మాత్రం ఆగదు. ఇంకో సంగతి, ఆ రాజ్యాంగంలో వీటో అన్న మాటే లేదు. ఒప్పుకుంటే సంతకం పెట్టు, లేకపోతే అభ్యంతరాలతో తిప్పి పంపు, అంతే ఉంది. మనకి 'గవర్నర్ బిల్లు తిప్పి పంపారు' అలవాటైన మాటే కదా, అదే చక్కగా సరిపోతుంది.

డాలస్ అక్క: మాస్టారూ, మాట సంగతి తర్వాత, ముందు ఒక డౌటు. అసలు యుద్ధం డబ్బుల మీద వీటోని ఎప్పుడైనా నెగ్గారా? మా ఆఫీసులో ఒకాయన 1973లో అప్పటి అధ్యక్షుడు నిక్సన్‌కి జరిగింది కదా అంటాడు.

రిటైర్డ్ మాస్టారు: ఆయన రెండు సంగతులు కలిపేశాడమ్మా. 1973లో రెండు వీటోలు. జూన్ 27న కంబోడియా మీద బాంబులు వేయడానికి డబ్బులు ఆపే బిల్లుని నిక్సన్ తిప్పి పంపాడు, అదీ నిధుల గొడవ. ప్రతినిధుల సభలో 241-173 వచ్చింది, మెజారిటీ ఉంది కానీ మూడింట రెండొంతులకి 35 ఓట్లు తక్కువ, పోయింది. చివరికి ఆగస్టు 15 దాకా బాంబులు వేసుకో ఆ తర్వాత పైసా ఇవ్వం అని రాజీకొచ్చారు. మీ ఆఫీసాయన చెప్పేది నవంబరు 7న జరిగింది, యుద్ధాధికారాల తీర్మానం, అధ్యక్షుడు తనంతట తాను యుద్ధానికి దిగకుండా పగ్గం వేసేది. ప్రతినిధుల సభలో 284-135, రెండో సభ సెనేట్లో 75-18, నెగ్గారు. అప్పటికి వాటర్‌గేట్ కుంభకోణంతో నిక్సన్ సగం మునిగి ఉన్నాడు, అదీ కలిసొచ్చింది. కానీ అది డబ్బు బిల్లు కాదు.

డెస్కు తమ్ముడు: నా 2007 దాంట్లో 222-203 వచ్చింది. 425 మందిలో 284 కావాలి, 62 తక్కువ. బిల్లు 12,400 కోట్ల డాలర్లది, అక్టోబరు 1 లోపు సైన్యాన్ని వెనక్కి తీసుకోవడం మొదలెట్టాలని షరతు పెట్టారు, ఆ షరతు మీదే ఆయన కోపం. (ముందు 124 వేల కోట్లు అని కొట్టేశా, బిలియన్ అంటే వంద కోట్లని వందసార్లు చదివినా చెయ్యి అలాగే పోతుంది.) మే 25న షరతు లేని బిల్లు మీద సంతకం పెట్టేశాడు.

డాలస్ అక్క: అంటే సభకి అధికారం ఉన్నట్టా లేనట్టా? ఖజానా తాళాలు వాళ్ళ దగ్గరే కదా.

గుంటూరు లాయరు: అక్కా, అక్కడే ఉంది కిటుకు. డబ్బు 'ఇవ్వకపోవడానికి' వీటో లేదు, పాసవని బిల్లుని ఎవడు తిప్పి పంపుతాడు? కానీ సైనికులు ఎడారిలో ఉండగా ఊరికే చేతులు కట్టుకుని కూర్చుంటే ఓటర్లు ఊరుకోరు, అందుకని ఇస్తూనే షరతు పెడతారు, షరతు పెట్టగానే అది బిల్లు, బిల్లు అనగానే సంతకం, సంతకం అనగానే వీటో. అధ్యక్షుడికి కావాల్సింది ఒక్క సభలో మూడో వంతు కంటే ఒక్క ఓటు ఎక్కువ, సొంత పార్టీ ఉంటే చాలు. 2019లో యెమెన్ యుద్ధం నుంచి తప్పుకోవాలన్న తీర్మానం ట్రంప్ వీటో చేస్తే సెనేట్లో 53-45, పోయింది. 2020 మేలో ఇరాన్ మీద యుద్ధానికి దిగొద్దన్నది 49-44, అదీ పోయింది. అదే ట్రంప్ డిసెంబరులో రక్షణ శాఖ బిల్లు మొత్తాన్ని వీటో చేస్తే రెండు సభల్లోనూ 322-87, 81-13తో నెగ్గి పడేశారు. యుద్ధం ఆపేదానికి దొరకని ఓట్లు సైన్యాన్ని నడిపేదానికి దొరుకుతాయి, అదీ వరస.

పైగా మన రాజ్యాంగంలోని 111వ అధికరణంతో పోల్చకండి. మన రాష్ట్రపతి తిప్పి పంపితే పార్లమెంటు మామూలు మెజారిటీతో మళ్ళీ పాస్ చేసినా సంతకం పెట్టి తీరాలి, 2006లో లాభదాయక పదవుల బిల్లుకి కలాం గారు అలాగే పెట్టారు. ద్రవ్య బిల్లుని అసలు తిప్పి పంపే వీలే లేదు.

రిటైర్డ్ మాస్టారు: బాగా చెప్పారు లాయరు గారూ. ఇప్పుడు మాటకొద్దాం. 'అధిగమించడం' పరీక్ష పేపర్ వాసన. 'తోసిపుచ్చడం' పిటిషన్లకి పోయింది, కోర్టు తోసిపుచ్చింది అనే వాడతాం. నా ఓటు 'తోసిరాజనడానికి'. అది చదరంగం మాట. మా తాతగారు అరుగు మీద ఆడేటప్పుడు, మధ్యలో అడ్డున్న పావుని పక్కకి జరపగానే వెనకున్న ఏనుగు దారి నేరుగా రాజు మీదకి తెరుచుకుంటుంది చూడండి, అప్పుడు తొడ చరిచి 'తోసిరాజు!' అనేవారు, అవతలాయన తమలపాకు నములుతూ నములుతూ ఆగిపోయేవాడు. పెద్దాయన వద్దన్నా లెక్కచేయకుండా పని కానిచ్చేయడానికి ఇంతకంటే తెలుగు మాట ఏముంది? పైగా అక్కడ ఆట సాక్షాత్తూ రాజు మీదే.

గుంటూరు లాయరు: మాట బ్రహ్మాండం మాస్టారూ, కానీ తోసిరాజనడంలో కాస్త అమర్యాద ఉంది. 'సుప్రీంకోర్టు ఆదేశాల్ని తోసిరాజని' అంటే తప్పు చేసినట్టే వినిపిస్తుంది. ఇక్కడ సభ చేసేది రాజ్యాంగం ఇచ్చిన పనే. 'వీటోని కాదని నెగ్గించుకున్నారు' అంటే ఎవరికీ మాట రాదు.

డాలస్ అక్క: 'కాదని నెగ్గించుకున్నారు' బాగుంది. మా పిల్లకి చెప్పినా అర్థమవుతుంది. తోసిరాజంటే 'ఎవరి రాజు అమ్మా' అంటుంది.

రిటైర్డ్ మాస్టారు: అమర్యాద ఉన్నమాట నిజమే. కానీ 75-18 అంటే ఆ మాత్రం అమర్యాద అక్కడా ఉందండీ. నేను 1973కి తోసిరాజే రాస్తాను.

డెస్కు తమ్ముడు: అందరికీ థాంక్స్. ఇన్‌ఛార్జి గారు టీ తాగి వచ్చారు, ఇదంతా చదివి వినిపించా. 'ఒరేయ్, 2007లో వాళ్ళు నెగ్గలేదు కదరా, ఓడిపోయినదానికి ఇంత మాటెందుకు' అన్నారు. 'నిలిచిన వీటో' అని పెట్టించారు. సింగిల్ కాలమ్‌లో సరిగ్గా పట్టింది.