‘నూరేళ్లు నిండాయి’ అంటాం సరే, పాతకాలంలో ఎన్నేళ్లు బతికేవారు?

ప్రశ్న: 1600ల నాటి జనం సగటున ముప్పై, నలభై ఏళ్లే బతికేవారని చదివాను. మరి ‘నిండు నూరేళ్లు’ అన్న దీవెన ఉత్త అతిశయోక్తేనా అండీ?

జవాబు: నేనలా అనుకోనండి. తిరకాసంతా ‘సగటు’ దగ్గరుంది. ‘సగటున 35 ఏళ్లు బతికేవారు’ అని రాయగానే, ముప్పై అయిదుకే అందరూ ముసలివాళ్లై పోయేవారన్న అర్థం వచ్చేస్తోంది. ఆ సగటును కిందికి లాగింది పసిపిల్లల చావులు.

తోకచుక్క హేలీ తెలుసుగా, ఆయనే 1693లో బ్రెస్లావ్ లెక్కలు అచ్చువేయించారు. ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది. 1687 నుంచి 1691 దాకా అక్కడి జనన మరణాల వివరాలు కాస్పర్ నాయ్‌మన్ అనే పాస్టర్ సమకూర్చారు. ఏటా సగటున 1,238 మంది పుడితే, 348 మంది ఏడాది నిండకుండానే పోయేవారు. పదిహేడేళ్లు వచ్చేసరికి మిగిలేది 616 మంది. సగం మంది కూడా కాదు! ఆ గండాలు గట్టెక్కినవాళ్ల సంగతి వేరు. హేలీ పట్టికలో ఇరవయ్యో ఏట 598 మంది ఉంటే, అరవయ్యో ఏట 242 మంది ఉన్నారు. అంటే అయిదుగురిలో ఇద్దరు. డెబ్బైకి చేరినవాళ్లు 142 మంది.

ఇక మన మాట. ‘నూరేళ్లు నిండాయి’ అని ఏ వయసులో పోయినవారినైనా అంటాం. అక్కడ నూరంటే ఆ మనిషి నుదుట రాసిన ఆయువు. నడివయసులో పోతే ‘అర్ధాయుష్షు’ అంటాం. నలభైకి పోవడమే మామూలనుకునేవాళ్లు అలా అనరు కదా.

పిల్లల చావుల గుర్తులు మన పేర్లలోనే ఉన్నాయి. పుట్టినవాళ్లు పుట్టినట్టే పోతుంటే, తర్వాతి బిడ్డను పెంట మీదో ఎంగిలి విస్తరిలోనో పడుకోబెట్టి పెంటయ్య, పెంటమ్మ, పుల్లయ్య, పుల్లమ్మ అని పిలుచుకునేవారు. పుల్లాకంటే ఎంగిలి విస్తరే. ఎందుకూ పనికిరాని బిడ్డ అనుకుని యముడు వదిలేస్తాడని ఆశ. ఈ పేర్లు విని ఎవరైనా నవ్వితే నాకు ప్రాణం చివుక్కుమంటుంది.

ప్రశ్న: అయితే ‘పుట్టుకనాటి సగటు ఆయుర్దాయం’ అని రాస్తే సరిపోతుందా?

జవాబు: చాలా నయం. పక్కనే ‘ఇరవై దాటినవారు ఇంకెన్నాళ్లు బతికేవారు’ అన్న అంకె కూడా ఇవ్వండి, ఎవరూ పొరబడరు.