వైరస్ రేణువులు తగ్గకుండా సోకే శక్తి మాత్రమే తగ్గితే, దాన్ని ఎలా చూపించాలి?

అందరికీ నమస్తే. హన్మకొండలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చివరి ఏడాది చదువుతున్నాను. మన కణాల్లోని ప్రొటీన్లు ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లను ఎలా అడ్డుకుంటాయన్నది నా సెమినార్ అంశం. పోయిన వానాకాలం మా తమ్ముడికి డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయాయి. అప్పటి నుంచి ఈ విషయం వదలడం లేదు.

ఐఎఫ్‌ఐటీఎం3 అనే కణ ప్రొటీన్ సంగతి అర్థమైంది. ఈ కుటుంబం ప్రొటీన్లు ఫ్లూ, డెంగీ, వెస్ట్ నైల్ వైరస్‌లను ఆపుతాయని 2009లోనే తేలింది. ఐఎఫ్‌ఐటీఎం3 వైరస్ పొర ఎండోసోమ్ (వైరస్‌ను కణంలోకి తీసుకెళ్లే చిన్న సంచి) పొరతో పూర్తిగా కలవకుండా చూస్తుంది, అంటే గుమ్మంలోనే ఆపేస్తుంది. జాప్ అనే ప్రొటీన్ అయితే సీ పక్కనే జీ అక్షరం వచ్చే జంటలు ఎక్కువున్న వైరస్ ఆర్‌ఎన్‌ఏను పట్టుకుని ముక్కలు చేయిస్తుంది.

చిక్కంతా సెరింక్5 అనే మరో కణ ప్రొటీన్ దగ్గరే. 2015లో దీని పాత్ర బయటపడింది. ఇది కొత్త హెచ్‌ఐవీ రేణువుల పొరలో చేరుతుంది. రేణువులు బయటికైతే వస్తాయి, తర్వాతి కణంలోకి మాత్రం సరిగ్గా వెళ్లలేవు. వైరస్ తన నెఫ్ ప్రొటీన్‌తో దీన్ని తప్పించుకుంటుంది.

మరి అప్పుడు క్యూపీసీఆర్‌లో (వైరస్ ఆర్‌ఎన్‌ఏను లెక్కించే పరీక్ష) కాపీలు మామూలుగానే కనిపిస్తాయి కదా? పీ24 ఎలైజాతో (హెచ్‌ఐవీ రేణువుల్లోని పీ24 ప్రొటీన్‌ను కొలిచే పరీక్ష) రేణువులను సమానం చేసుకుని, హెచ్‌ఐవీ సోకితే సంకేతం ఇచ్చే టీజెడ్‌ఎం-బీఎల్ కణాల్లో సోకే శక్తి కొలిస్తే సరిపోతుందా? డెంగీకైతే ప్లాక్ అస్సే (సోకగల రేణువులను లెక్కించే పరీక్ష) లెక్కను ఆర్‌ఎన్‌ఏ కాపీలతో పోల్చాలా?

మా దగ్గర హెచ్‌ఐవీ పనికి తగిన ల్యాబ్ లేదు. కాగితం మీదైనా ప్రయోగం తప్పుల్లేకుండా ఉండాలని నా ఆశ. సెమినార్ వచ్చే గురువారమే, టెన్షన్‌గా ఉంది. ఈ పని స్వయంగా చేసినవాళ్లు దయచేసి చెప్పండి.